మాసికయు బొంతయు: పొరుగు రాష్ట్రములందలి తెలుగు గృహములలో పాతబట్ట చరిత్ర

వస్త్రచరిత్రను రచించిన పండితులు సాధారణముగా మగ్గముకడ మొదలిడి అంగడికడ ముగింతురు. ఏ ఊరి నేత ఏ రేవునుండి ఏ దేశమునకు ఎగుమతి యయ్యెనో, ఏ ప్రభువు ఏ పట్టును ధరించెనో తెలుపు గ్రంథములు పెక్కులు కలవు. కాని కొన్న బట్ట ఇంటికి వచ్చిన పిదప దాని గతి యేమి? అది మొదటిసారి చినిగిన దినమున ఇల్లాలు చేసిన పని యేమి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు గ్రంథములు అరుదు. ఒక చీర మగ్గముపై నుండునది కొన్ని దినములు. అంగడిలో నుండునది కొన్ని నెలలు. ఇంటిలో నుండునది ఏండ్లు. అందుచేత బట్టయొక్క జీవితకాలములో అధికభాగము చరిత్రకారుల దృష్టికి రాకయే గడచిపోవుచున్నది.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును, యానామునందును తరతరములుగా నెలకొనియున్న తెలుగువారి విషయమున ఈ ప్రశ్నకు విశేషప్రాధాన్యము కలదు. వీరిలో పెక్కుమంది నేతవృత్తిని నమ్ముకొని వలసపోయినవారు. ఊరికెల్ల బట్ట నేసియిచ్చిన యిండ్లలో కట్టుబట్ట మాత్రము మాసికలతో నిండియుండుట వీరి జీవితమునందలి ఒక వైచిత్ర్యము. ఆ మాసికలను వేసిన చేతులు స్త్రీలవి. వారి పనికి శాసనములు లేవు, కైఫీయతులు లేవు. మిగిలిన సాక్ష్యములు రెండే: ఒకటి మాట, రెండవది బొంత.

మాటల సాక్ష్యము

చినిగినచోట వేరొక గుడ్డముక్క నుంచి కుట్టుటకు తెలుగున ‘మాసిక వేయుట’ యని పేరు. బట్టను బట్టతో చేర్చుట ‘అతుకు’. చినిగిన చోటు ‘చినుగు’ లేక ‘చిరుగు’. చిన్న రంధ్రము ‘చిల్లి’. పనికిరాక మిగిలిన సన్నని ముక్క ‘పేలిక’. పాతబట్టలను పొరలుగా పరచి కుట్టినది ‘బొంత’. పసిబిడ్డకు చుట్టునవి ‘పొత్తిగుడ్డలు’. ఈ మాటలు పండితుల కల్పనలు కావు. ఇంటింట పుట్టి పెరిగినవి. తెలుగు బైబిలు అనువాదకులు మత్తయి సువార్త 9వ అధ్యాయమున పాతబట్టకు క్రొత్తగుడ్డ వేయరాదను ఉపమానమును తెనిగించునపుడు ‘మాసిక’ యను మాటనే గ్రహించిరి. లూకా సువార్తయందు శిశువునకు చుట్టిన బట్టలకు ‘పొత్తిగుడ్డలు’ అను మాటను వాడిరి. చదువురాని యిల్లాలికి సైతము అర్థము కావలెనని కోరినవారు ఈ మాటలను ఎన్నుకొనుటయే ఇవి ఎంత వ్యాప్తములో తెలుపుచున్నది.

ఇదే పనికి పొరుగుభాషలలో వేరువేరు మాటలు కలవు. మాసికను కన్నడిగులు ‘తేపె’ యందురు. తమిళులు ‘ఒట్టు’ అందురు. మరాఠీవారు ‘ఠిగళ’ యందురు. ఒడియావారు ‘తాళి’ యందురు. ఈ చివరిమాట తెలుగు ఆడపడుచు చెవికి వేరొక అర్థమును స్ఫురింపజేయునని వేరుగ చెప్పనక్కరలేదు. బొంతను ఉత్తర కర్ణాటకమున ‘కౌది’ యనియు, మహారాష్ట్రమున ‘గోధడి’ యనియు, దక్షిణ మహారాష్ట్రమున ‘వాకళ’ యనియు, ఒడిశాలో ‘కంథా’ యనియు వ్యవహరింతురు. సంస్కృతమున కూడ అది ‘కంథ’యే.

ఇట గమనింపదగిన విశేష మొకటి కలదు. నైపుణ్యముగల పనివాడు కూలికి చేయు పనికి సంబంధించిన మాటలు పెక్కులు బయటినుండి వచ్చినవి. ‘రఫు’ పారసీకము, ‘దర్జీ’ పారసీకము, యంత్రమునకు ‘సింగరు’ అను వ్యవహారము అమెరికా వ్యాపారి పేరు. ఇంటిలో ఇల్లాలు కూలిలేక చేయు పనికి సంబంధించిన మాటలు మాత్రము మాసిక, అతుకు, చినుగు, బొంత అని తెలుగుననే నిలిచినవి. పని ఇంటిలో నున్నంతకాలము మాటయు ఇంటిభాషలో నుండెను. పని వీధికి పోయినపుడు మాటయు వీధిభాషలోనికి మారెను. వలసవచ్చిన కుటుంబములకు ఇది సామాన్యవిషయము కాదు. లిపి మరచిన యిండ్లలో, బడిచదువు వేరొక భాషలో సాగిన యిండ్లలో, తెలుగు నిలిచినది ఇట్టి పనులమాటలయందే.

శాస్త్రమును అవసరమును

ప్రాచీనకాలమున తెలుగువారి వేషము ప్రధానముగా కుట్టని వస్త్రము. ధోవతి, ఉత్తరీయము, చీర, ఇవి మగ్గమునుండి వచ్చిన రూపముననే కట్టబడునవి. వైదికకర్మలకు ‘అహతవస్త్రము’, అనగా క్రొత్తబట్ట, ప్రశస్తమని ధర్మశాస్త్రములు విధించినవి. చినిగినదియు, కాలినదియు, కుట్టు పడినదియు కర్మార్హము కాదు. ఈ విధి యున్నంతమాత్రమున మాసిక లేని యిల్లు ఉండెనని తలపరాదు. మడికి కట్టు బట్ట వేరు, పనికి కట్టు బట్ట వేరు అను విభాగమునకు ఈ విధియే కారణమైనది. మడిబట్ట చినుగుపట్టినంతనే పనిబట్టగా మారును. పనిబట్టకు మాసికలు పడును. మాసికలు మిక్కుటమైన పిదప అది బొంతలో చేరును. శాస్త్రము బట్టకు వర్ణాశ్రమముల వంటి దశలను కల్పించినదన్నచో తప్పులేదు.

ఇందుకు భిన్నముగా అతుకుల బట్టను పవిత్రముగా భావించిన సంప్రదాయమును తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. బౌద్ధభిక్షువులు పారవేసిన గుడ్డలను ఏరి కుట్టుకొను వస్త్రమునకు ‘పాంసుకూలము’ అని పేరు. చీవరమును ముక్కలుగా కోసి, మగధదేశపు వరిమళ్ళు గట్లతో నేర్పడినట్లు అతికి కుట్టవలెనని వినయపిటకము తెలుపుచున్నది. ఆ కూర్పును చేసినవాడు ఆనందుడు. భిక్షువునకు ఉండదగిన ఎనిమిది పరికరములలో సూది యొకటి. అమరావతి, నాగార్జునకొండ విహారములలో నివసించిన భిక్షువులకు ఈ నియమములు తెలియనివి కావు. భజగోవింద స్తోత్రమునందును వీధిపాతలతో కూర్చిన కంథను ధరించిన యోగి ప్రస్తావన కలదు. గృహస్థునకు లేమికి గుర్తైన బొంత సన్యాసికి వైరాగ్యమునకు గుర్తైనది. వస్తువు ఒక్కటే, దానిని కోరి ధరించుటకును, గతిలేక ధరించుటకును నడుమ భేదము మాత్రము గొప్పది.

రేవుబట్టయు ఇంటిబట్టయు

గోదావరీ ముఖద్వారమునందలి యానాము ఈ చరిత్రలో ఒక ముఖ్యస్థానము. ఫ్రెంచివారు 1723లో ఇట వర్తకస్థానము నేర్పరచిరి. 1954లో పాలన భారతప్రభుత్వమునకు సంక్రమించినది. 1962లో చట్టరీత్యా విలీనము పూర్తియైనది. యానామునకు సమీపముననే ఇంజరమున ఆంగ్లేయుల వర్తకశాల యుండెను. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు ఆంగ్లేయుల నాలుకపై ‘మడపొల్లము’గా మారి, ఒక తెల్లని నూలుబట్టకు యూరపునందంతటను పేరైనది.

ఈ కంపెనీల గోదాములలో బట్టను పొడవు, వెడల్పు, పోగుల లెక్క, మచ్చలు చూచి తరగతులుగా విభజించెడివారు. దోషమున్న తానులను తక్కువ వెలకు దింపుటయో, త్రోసిపుచ్చుటయో జరుగుచుండెను. త్రోసివేసిన బట్ట నేతగాని మెడకే చుట్టుకొనెడిది. ఎగుమతి బట్టయందు ఒక పోగు తెగుట వలన కలుగు నష్టము ఎట్టిదో నేతవారికి అనుభవమున తెలియును. బంగాళమున ఢాకా మస్లినులలోని దోషములను సవరించుటకు రఫూగరులు ప్రత్యేకముగా నుండిరని 19వ శతాబ్దిలో ఆ పరిశ్రమను వర్ణించినవారు పేర్కొనిరి. కాశ్మీరు శాలువలయందు సైతము ముక్కలను కనబడకుండ కలుపుపని రఫూగరులదే. అట్టి పని పెద్ద వర్తకమునకును, వెలగల బట్టకును తగినది. సామాన్యుని పంచెకు రఫూగరు రాడు. దానికి ఇల్లాలి మాసికయే దిక్కు.

వలస వచ్చిన నేతవారు

విజయనగర, నాయకరాజుల కాలమున తెలుగువారు దక్షిణమునకు విరివిగా తరలిపోయిరి. మధుర నాయకరాజ్యము 1529లో విశ్వనాథనాయకునితోడను, తంజావూరు నాయకరాజ్యము 1532లోను ఆరంభమైనవి. సైనికులతోను, కర్షకులతోను కూడ నేతవారును పోయిరి. దేవాంగులలో తెలుగు మాటలాడువారును, కన్నడము మాటలాడువారును కలరని 1909లో వెలువడిన థర్‌స్టన్, రంగాచారిగార్ల దక్షిణదేశపు కులముల గ్రంథము తెలుపుచున్నది. కోయంబత్తూరు, సేలము ప్రాంతములలో వీరు నేటికిని కలరు. కర్ణాటకమున దొడ్డబళ్ళాపురము మున్నగు నేతపట్టణములలో తెలుగు వినవచ్చును. ఒడిశాలో బరంపురము పట్టునేతకు పేరొందిన నగరము. గంజాము మండలము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రమున చేరువరకు మద్రాసు రాజధానిలోనిదే.

మహారాష్ట్రమున షోలాపురము తెలుగువారి పెద్దకేంద్రము. నేటి తెలంగాణ మండలములనుండి పద్మశాలీలు అచటికి చేరి చేతిమగ్గములందును, 1877లో స్థాపితమైన షోలాపురపు నూలుమిల్లులోను, తరువాతి మిల్లులలోను, పిదప మరమగ్గములందును పనిచేసిరి. షోలాపురపు దుప్పటికి దేశమంతటను ఖ్యాతి కలిగినది. భివండి మరమగ్గములకడను వీరు పెక్కురు కలరు. బొంబాయిలోని కామాఠిపుర అను పేరు ఇల్లు కట్టుపనులకై నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కామాఠీల వలన కలిగినది.

నేతవారి యింటి స్త్రీకి మాసిక వేయుట వేరుగ నేర్వనక్కరలేని విద్య. మగ్గముపై పాత పడుగు ముగియుటకు వచ్చినపుడు, దాని కొసలను అచ్చులోనే యుంచి, క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వానితో మెలిపెట్టి కలుపుదురు. దీనికి ‘అచ్చు అతుకుట’ యని పేరు. ఒక్క పడుగునందు వేలకొలది పోగులుండును. ఒక్క పోగు తప్పినను నేతలో ఆ తప్పు బట్ట పొడవునను సాగును. వ్రేళ్ళకొసలతో పోగును గుర్తించి, ముడి ఉబ్బకుండ మెలిపెట్టుట ఈ పనిలోని రహస్యము. దినమెల్ల ఈ పనిచేసిన చేతులకు సాయంకాలమున చినిగిన పంచెలో నాలుగు పోగులు సరిచేయుట యెంత? కావుననే నేతవారి మాసికకు పేరుండెను. మగ్గము విద్యయు మాసిక విద్యయు ఒక్కటే. మొదటిదానికి కూలి కలదు, రెండవదానికి లేదు.

పనియొక్క పద్ధతి

బట్టను బాగుచేయుట రెండువిధములు. పోగులు పోయినచోట పోగులనే తిరిగి అల్లుట మొదటిది. దీనిని రఫు అనిరి. గుడ్డముక్కను చేర్చుట రెండవది, ఇది మాసిక.

పోగుపనికి దారము అంగడిలో కొనరాదు. ఆ బట్టయొక్క అంచుమడతలోనుండియో, కొసనుండియో తీసిన పోగే దానికి సరిపడును; రంగును, లావును, పురియు ఒక్కటే యగుట అందుకు కారణము. చిల్లి అంచుననే కుట్టు మొదలిడినచో బలహీనమైన పోగులు మరల తెగును. అందుచే చిల్లికి నాలుగువైపుల గట్టిగానున్న బట్టమీదనుండి మొదలిడి, ముందుగా పడుగు దిక్కున దారములను ప్రక్కప్రక్కన పరచవలెను. తరువాత పేక దిక్కున సూదిని ఒక పోగు పైనుండియు, ఒక పోగు క్రిందనుండియు పోనిచ్చుచు అల్లవలెను. వరుస మారునపుడు ఇది తిరుగబడవలెను. ఇది సూదితో చేయు నేతయే. మలుపులకడ దారమును బిగింపక కొంచెము వదులుగా విడువవలెను. లేకున్న ఉతికినపుడు దారము కుదించుకొని చుట్టును ముడుతలు పడును. నిజమునకు చిల్లి పడకముందే, బట్ట పలుచబడిన దశలోనే ఈ పని చేసినచో శ్రమ సగము తగ్గును. అనుభవముగల యిల్లాండ్రు ఉతికి ఆరవేసిన బట్టను వెలుతురునకెత్తి పట్టి చూచుట ఇందులకే.

మాసికకు నియమములు వేరు. పాతబట్టకు పాతగుడ్డయే వేయవలెను. క్రొత్తగుడ్డ ఉతికినపుడు కుదించుకొని, చుట్టునున్న సన్నగిల్లిన బట్టను లాగి, చినుగును పెద్దదిగా చేయును. ముక్కను కత్తెరతో అడ్డదిడ్డముగా కత్తిరింపక, పోగు వెంబడి చింపవలెను. మాసికయొక్క పడుగు బట్టయొక్క పడుగు దిక్కుననే యుండవలెను. అడ్డముగా వేసిన మాసిక ఒక వైపునకు లాగును. అంచులను లోపలికి మడచి, లోవైపునుండి ఒక వరుస, పైవైపునుండి చినుగు అంచును మడచి ఒక వరుస కుట్టవలెను. మేకు తగిలి మూలగా చినిగినదానికి ముందు మూలను కలిపి, తరువాత రెండు చేతులను కుట్టుట పద్ధతి.

ఇవిగాక బట్ట ఆయువును పెంచు ఉపాయములు మరికొన్ని కలవు. చీర క్రిందియంచు నేలను రాచుకొని అరిగినపుడు పైయంచును క్రిందికి త్రిప్పి కట్టుట మొదటి ఉపాయము. చిన్న చినుగును కుచ్చిళ్ళలోనికి పోవునట్లు కట్టుట రెండవది. రెండు పాతచీరల గట్టిభాగములను కలిపి ఒక చీరగా చేయుట మూడవది. పట్టుచీర శిథిలమైనను దాని జరీయంచు మిగులును. అంచును విప్పి వేరొక చీరకు కుట్టుటయో, వెండికొరకు అమ్ముటయో జరుగుచుండెను. పండుగనాడు మాసిక కనబడకుండ కట్టుట ఒక నేర్పు. పేదరికమును దాచుకొనుట సిగ్గువలన మాత్రమే కాదు. తమ యింటి మర్యాదను తామే నిలుపుకొనవలెనను పట్టుదల వలన. చినిగిన బట్ట నిర్లక్ష్యమునకు గుర్తు; మాసిక వేసిన బట్ట శ్రద్ధకు గుర్తు. గంజికైనను స్నానము చేసి కూర్చుండవలెననియు, కంథయైనను ఉతికి కట్టవలెననియు తమిళమున వాడుకలోనున్న సామెతయు ఈ మర్యాదనే బోధించుచున్నది.

బొంత

మాసికకు సైతము లొంగని బట్ట చివరకు బొంతలో చేరును. మెత్తబడిన నూలుచీరలను రెండు మూడు పొరలుగా నేలపై పరచి, నడుమ పేలికలను సమముగా సర్ది, ముడుతలు లేకుండ నాలుగు మూలల బరువులు పెట్టుదురు. అంచునుండి లోనికి వరుసలుగా సాదాకుట్టు సాగును. ఒక్కరు చేయు పని కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు నాలుగువైపుల కూర్చుండి కుట్టుచు నడుమకు వత్తురు. పొలముపనులు లేని దినములు దీనికి అనువైన కాలము. భాషాభేదములున్న వాడలలో తెలుగు స్త్రీ కన్నడ స్త్రీతోను, మరాఠీ స్త్రీతోను చేరి ఒకే బట్టకు రెండువైపుల కుట్టినపుడు బొంత, కౌది, గోధడి యను పేరులలో నున్న భేదము కుట్టులో కనబడదు.

ఉత్తర కర్ణాటకమునందలి సిద్దీ స్త్రీలు తమ బొంతల మూలలయందు మడతలు పెట్టిన త్రికోణముల పువ్వులు కుట్టుదురు. అవి లేని బొంత దిగంబరమని వారి భావము. ఇట్టి ప్రత్యేకతలు ఆయా జాతులకు కలవు. తెలుగు బొంతకు అట్టి అలంకారమున్నను లేకున్నను, సామెతలలో దానికి గొప్పచోటు కలదు. ‘గంతకు తగిన బొంత’ యని సరిజోడును గూర్చి పరిహాసముగా పలుకుదురు. పొందికలేని కూర్పును ‘అతుకుల బొంత’ యందురు. ఈ రెండవ పలుకుబడి బొంతకు అన్యాయము చేయుచున్నది. పొందికలేని బొంత ఒక్క చలికాలమునకే విడిపోవును. నిలిచిన బొంతలోని ప్రతి అతుకును ఆలోచించి వేసినదే.

పుట్టిన బిడ్డను క్రొత్తబట్టపై గాక, పెద్దల మెత్తని పాతబట్టపై పరుండబెట్టుట తెలుగునాట పరిపాటి. ఉతికి ఉతికి గంజి వదలిన నూలుబట్ట శిశువు చర్మమునకు ఒరయదు, తడిని పీల్చును. ఆయుష్మంతులైన పెద్దల బట్ట బిడ్డకు ఆయువు నిచ్చునను విశ్వాసమును తోడైనది. ఈ విధముగా అవ్వ చీర మనుమని బొంతయగును. వలసవచ్చిన కుటుంబమున ఈ వరుసకు మరింత అర్థము కలదు. విడిచివచ్చిన ఊరి మగ్గమున నేసిన చీర క్రొత్త ఊరిలో పుట్టిన బిడ్డ క్రింద పరుపుగా నిలిచెను.

కొరతకాలము

19వ శతాబ్దిలో రెండు మార్పులు వచ్చినవి. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున తయారైన నునుపైన ఉక్కుసూదులు చౌకగా లభించినవి. సింగరు 1851లో హక్కుపొందిన కుట్టుయంత్రము ఆ శతాబ్ది చివరిభాగమున భారతదేశపు పట్టణములకు చేరినది. మిషను బాలికల పాఠశాలలలో సూదిపని పాఠ్యవిషయమైనది. రవిక, చొక్కా వంటి కుట్టిన బట్టలు పెరిగినకొలది మాసిక అవసరమును పెరిగినది. చంకలకడను, మోచేతులకడను, మెడపట్టీకడను బట్ట త్వరగా అరుగును. మెడపట్టీని విప్పి త్రిప్పి కుట్టుట ఈ కాలమున వచ్చిన క్రొత్త ఉపాయము.

1921 సెప్టెంబరు 22వ తేదీన మహాత్మాగాంధి మధురలో చొక్కాను, తలగుడ్డను విడిచి కొల్లాయి ధరించెను. ఖద్దరు కొనుటకు శక్తిలేని పేదల మాటను విని చేసిన నిర్ణయమది. తెలుగువారును, సౌరాష్ట్రులును, తమిళులును నేతపై జీవించు ఆ నగరమున ఈ ఘట్టము జరుగుట గమనింపదగినది. బట్ట నేయువారి నడుమనే బట్టలేమి యెంతయుండెనో ఆ ఒక్క చర్య లోకమునకు చాటినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున లేమి అందరి యింటికిని వచ్చినది. మిల్లుబట్ట సైన్యమునకు మరలెను. నూలు దొరకక మగ్గములు నిలిచెను. 1943 జూనులో నూలు, నూలుబట్టల అదుపు ఉత్తరువు వెలువడినది. పేదలకై ‘స్టాండర్డు బట్ట’ ప్రవేశపెట్టబడినది. ఆ సంవత్సరముననే ఇంగ్లండు ప్రభుత్వము తన ప్రజలకు పాతబట్ట బాగుచేయు పద్ధతులను నేర్పుచు చిన్నపుస్తకమును ముద్రించి పంచెను. తెలుగు యిల్లాలికి అట్టి పుస్తకము నక్కరలేకపోయెను. అవ్వ నేర్పిన విద్య ఆమె చేతిలో నుండెను. చేతిమగ్గముల స్థితిని విచారించిన థామస్ సంఘపు నివేదిక 1942లో వెలువడినది. అట్టి నివేదికలు మగ్గములను లెక్కించినవి, కూలిని లెక్కించినవి. కాని నేతవాని భార్య తన యింటి బట్టకై వెచ్చించిన గంటలను లెక్కించినవారు లేరు.

విద్య జారిపోయిన విధము

మాసిక విద్య ఒక్క దినమున పోలేదు. 1960 తరువాత టెరిలిన్, పాలియెస్టరు బట్టలు వ్యాపించినవి. ఈ బట్ట నూలువలె పలుచబడి చిరుగదు. నిప్పురవ్వ పడినచో కరగి గట్టియంచు గల చిల్లియగును. అట్టి చిల్లికి పోగు అల్లుట కష్టము. అల్లికబట్టలైన బనియనులయందు పడుగుపేకలే లేవు గనుక పాతపద్ధతి చెల్లదు. పాతబట్టలకు మారుగా స్టీలు పాత్రల నిచ్చు వర్తకులు వీధులవెంట వచ్చిరి. బొంతలో చేరవలసిన చీర గిన్నెగా మారెను. ఇందు ఇల్లాలిని తప్పుపట్టుటకు వీలులేదు. ఏండ్ల తరబడి కూలిలేని శ్రమచేసిన ఆమెకు ఆ గిన్నె న్యాయమైన ప్రతిఫలమే. షోలాపురము మొదలగుచోట్ల దుప్పటి చౌకగా లభించునపుడు నెలదినములు కూర్చుండి బొంత కుట్టువారు తగ్గుట సహజము.

అయినను ఈ మార్పు వలన పోయినదేమో తెలిసికొనుట అవసరము. చినిగిన బట్టను దర్జీకిచ్చిన తెలుగు బాలిక షోలాపురమున ‘ఠిగళ’ యనియు, దొడ్డబళ్ళాపురమున ‘తేపె’ యనియు అడుగును. అది తప్పుకాదు, ఆ భూమి భాష ఆమె భాషయే. కాని మాసిక యను మాటను ఆమె ఎవరితో పలుకును? ఇంటిలో ఆ పని లేదు. పని లేనిచోట మాట నిలువదు. ఉత్తరప్రదేశమున నజీబాబాదు రఫూగరుల విద్యను ఇటీవలి కాలమున కళాపరిశోధకులు గుర్తించి గౌరవించిరి. కూలికి చేసినవాని విద్యకు ఆలస్యముగానైనను పేరు వచ్చినది. ఇంటిలో చేసినవారి విద్యకు ఇంకను రావలసియున్నది.

ప్రవాస తెలుగు సంఘములు తమ చరిత్రను వ్రాసికొనునపుడు దేవాలయములను, సత్రములను, పాఠశాలలను, దాతలను పేర్కొనుట న్యాయమే. వానితోపాటు ప్రతి ఊరిలోను వృద్ధస్త్రీలనుండి కుట్టుల పేరులను, అతుకుల పేరులను, బొంత వేయు పద్ధతిని వ్రాసి యుంచుట అవసరము. కొన్ని బొంతలను ఏ చీర ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది అను వివరముతో భద్రపరచినచో అవి శాసనములకు తీసిపోని ఆధారములగును. శాసనము రాజు దానమును చెప్పును. బొంత ఒక కుటుంబము ఎట్లు బ్రతికెనో చెప్పును.

సూదికి దారము ఎక్కించుటకు ముదుసలికి మనుమరాలి కన్నులు కావలెను. కుట్టుటకు మనుమరాలికి ముదుసలి చేయి కావలెను. ఈ రెండును ఒక యింటిలో కలిసినంతకాలము ఈ విద్య నిలిచినది. వేయి మాసికల బట్టకు సైతము మొదటి మాసిక వేసినవారు ఒకరుందురు. వారి పేరు తెలియకున్నను, వారు వాడిన మాట తెలుగని తెలియుచున్నది. ఆ మాటను నిలుపుటకు సూదియు, పాతగుడ్డయు, ఒక సాయంకాలమును చాలును.